తెలుగులో ఆలోచించొద్దంటారేం?

మొన్న ఒక ఇంటర్వ్యూ పానెల్లో కూర్చున్నా. కుర్రాడు జావాలో దిట్ట, డేటాబేసు ప్రశ్నలకీ ఎక్కడా తడుముకోలేదు. చివర్లో "కెన్ యు టెల్ మి వెన్ విల్ ఐ గెట్ ద రిజల్ట్?" అన్నాడు. నా పక్కనున్న పెద్దమనిషి నవ్వి, కాయితం మీద 'కమ్యూనికేషన్ వీక్' అని గిలికాడు. పైగా ఉచిత సలహా ఒకటి: "తెలుగులో ఆలోచించడం మానెయ్ బాబూ, ఇంగ్లీషు దానంతటదే వస్తుంది." నేను నోరు మెదపలేదు. ఆ కడుపుమంటే ఈ టపా.

అయ్యా, ఆ కుర్రాడు తెలుగులో ఇంకొంచెం ఆలోచించుంటే అసలా తప్పే చేసేవాడు కాదు.

"ఎప్పుడొస్తుంది?" అని నేరుగా అడుగుతాం. అదే ప్రశ్నని ఇంకో వాక్యంలో ఇమిడిస్తే "ఎప్పుడొస్తుందో చెప్పండి" అంటాం. అక్షరమ్ముక్క రాని మా నాయనమ్మ కూడా ఈ 'ఓ' ఎప్పుడూ మర్చిపోలేదు. ఇంగ్లీషులో ఈ 'ఓ' లేదు పాపం. దాని పని అక్కడ మాటల వరస చేస్తుంది. నేరుగా అయితే "వెన్ విల్ ఐ గెట్", ఇమిడిస్తే "వెన్ ఐ విల్ గెట్". తెలుగులో ప్రశ్న కోసం మాటల్ని అటూఇటూ జరపక్కర్లేదు కాబట్టి, మనం ఆ మొదటి వరసని కష్టపడి బట్టీపట్టి, ఇక అన్నిచోట్లా అదే వాడేస్తాం.

సూత్రం ఒక్కటే. తెలుగులో 'ఓ' వస్తే ఇంగ్లీషులో కర్త ముందుకొస్తుంది, డు, డజ్, డిడ్‌లు ఎగిరిపోతాయి. "ఎక్కడికెళ్ళాడో తెలీదు" అంటే "ఐ డోంట్ నో వేర్ హి వెంట్". "వచ్చాడో లేదో తెలీదు" అంటే "ఐ డోంట్ నో వెదర్ హి కేమ్ ఆర్ నాట్". ఆ 'లేదో' చూశారా, అచ్చం 'ఆర్ నాట్'! "బిల్డ్ బ్రేక్ చేసిందెవరో తెలుసు" అన్నప్పుడు 'హూ'నే కర్త, కాబట్టి జరపడానికేం లేదు: "ఐ నో హూ బ్రోక్ ద బిల్డ్".

"మరి 'ఎక్కడున్నావు అని అడిగాడు' అంటాం కదా, అందులో ఓ ఏదీ?" అంటారేమో. మంచి ప్రశ్నే. 'అని' ప్రశ్నని ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది, మనం బోల్తాపడేది అక్కడే. ముందు దాన్ని "ఎక్కడున్నానో అడిగాడు" అని మార్చుకోండి. "హి ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్" దానంతటదే వస్తుంది.

పదో క్లాసులో డైరెక్టు, ఇండైరెక్టు స్పీచి అంటూ అన్ని వాక్యాలు తిరగరాయించారే, ఒక్క మాస్టారైనా ఈ 'ఓ' సంగతి చెప్పారా? ఎలా చెప్తారు, ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైనాయె!

ఇంకో సంగతి. ఐర్లండు వాళ్ళు చాలామంది "ఐ వండర్ ఈజ్ హి కమింగ్" అనే అంటారు. వాళ్ళంటే అది యాస. మనవాడంటే 'వీక్'.

ఇంటికొచ్చి నా పాత మెయిళ్ళు వెతికాను. క్లయింటుకి "ప్లీజ్ లెట్ మి నో వెన్ కెన్ వి మీట్" అని రాసినవి పదకొండు దొరికాయి. ఆ కుర్రాడి కాయితం మీద నేనూ సంతకం పెట్టాను మరి. తెల్లారగానే అతన్ని మళ్ళీ పిలవమని హెచ్చార్‌కి రాస్తున్నా. పిలుస్తారో లేదో చూడాలి.