కవరు మీద రెండో పేరు

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో నవల రాద్దామని ఒక్కసారైనా అనుకోనివాళ్ళు తక్కువ. ప్రాజెక్టు రిలీజైన వారమో, బెంచి మీద కూర్చున్న నెలో, అమెరికా వెళ్ళాక మొదటిసారి మంచు పడ్డ రాత్రో, ఏదో ఒక ఘడియలో "ఈ ఉద్యోగం మానేసి హాయిగా ప్రేమ నవలలు రాసుకుంటే పోలా?" అనిపిస్తుంది. నన్నడిగితే రాయండి అనే అంటాను. కాకపోతే రెండు షరతులు. ఒకటి, ఉద్యోగం మానకండి. రెండు, వీలైతే ఒక్కరే రాయకండి. ఈ గోలంతా ఆ రెండోదాని గురించే. ఇద్దరు కలిసి రాయడం పెద్ద కష్టం కాదు. రాసింది ఇద్దరిదీ అని ఒప్పుకోవడమే మన దగ్గర కష్టంగా ఉంది.

మొదటి షరతు తొందరగా తేల్చేస్తా. తెలుగులో రొమాన్సు నవల ఒకప్పుడు నిజంగానే బతుకుతెరువు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, పుస్తకమైంది, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. అంటే ఒకే కథకి మూడు మెట్లు. అద్దె లైబ్రరీల వల్ల రచయితకి పైసా రాకపోయినా పేరు మాత్రం ఊరూరా తిరిగేది. టీవీ సీరియళ్ళు వచ్చాక ఆ మెట్లు ఒక్కొక్కటే కూలాయి. అంత మంచి రోజుల్లో కూడా యండమూరి వీరేంద్రనాథ్ గారు చార్టర్డ్ అకౌంటెంటుగా ఉద్యోగం చేస్తూనే పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు ప్రతిలిపి లాంటి యాప్‌లలో మళ్ళీ ఎపిసోడ్ల కాలం వచ్చింది. పాఠకులున్నారు. కానీ నెల తిరిగేసరికి హోమ్ లోన్ కట్టేంత డబ్బు వస్తుందన్న ఆశతో మాత్రం రాజీనామా పెట్టకండి. వారానికి 1,500 మాటలు రాస్తే 40 వారాలకి 60,000 మాటలు. అదొక నవల. ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. కెరీర్ అంటే ఆ ఆదివారాలు తప్పకపోవడమే.

ఇక రెండోది. జంటగా రాయడం ఏదో కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారేమో, మనకంటే ఎక్కువ అలవాటు ఎవరికుంది? దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి కలిసి తిరుపతి వేంకట కవులయ్యారు. 1920లో తిరుపతి శాస్త్రి గారు పోయారు. వేంకట శాస్త్రి గారు ఆ తర్వాత 30 ఏళ్ళు బతికారు, తానొక్కడే రాసినవాటిని కూడా ఆ జంట పేరుతోనే ప్రచురించారు. ఆ పని ఎంత పెద్దదో ఇప్పుడు నాకు తెలుస్తోంది. వచనంలో చూస్తే బీనాదేవి. ఆ పేరు వెనక ఉన్నది జడ్జిగా పనిచేసిన భాగవతుల నరసింగరావు గారు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ గారు. సినిమాల్లో బాపు, రమణల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషులోనూ అంతే. మనం ట్రైన్లలో దాచుకుని చదివిన మిల్స్ అండ్ బూన్ల మీద ఎమ్మా డార్సీ అనే పేరు చూసే ఉంటారు. అది వెండీ బ్రెన్నన్, ఫ్రాంక్ బ్రెన్నన్ అనే ఆస్ట్రేలియా దంపతుల ఉమ్మడి పేరు. క్రిస్టినా లారెన్ అయితే క్రిస్టినా హాబ్స్, లారెన్ బిల్లింగ్స్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు. వాళ్ళు దానిమీద పెద్ద కెరీరే కట్టారు.

దీనికి పూర్తి తిరగేసిన కథ కూడా మన దగ్గరుంది. ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతో వచ్చేవి. రాసింది పురాణం సుబ్రహ్మణ్య శర్మ గారు, పేరు మాత్రం ఆడమనిషిది. అంటే మన దగ్గర కవరు మీద పేరు అనేది రాసింది ఎవరో చెప్పే ముక్క ఎప్పుడూ కాదు. ఏ పేరైతే చెల్లుతుందో ఆ పేరు. సరదా కాలమ్‌కి పరవాలేదు. కానీ కష్టం ఇద్దరిదైనప్పుడు ఈ లెక్క పనికిరాదు.

ఇప్పుడు నా సొంత గొడవ. మాది ఖమ్మం వైపు. మా పెద్దమ్మ కూతురు, నాకంటే ఆరేళ్ళు పెద్దది, దుమ్ముగూడెం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. రెండేళ్ళుగా అక్కా నేనూ కలిసి ఒక ప్రేమ నవల రాస్తున్నాం. కథ భద్రాచలం అవతల అడవి అంచున జరుగుతుంది.

ఆ అంచు గురించి రెండు మాటలు చెప్పాలి. సినిమా రొమాన్సుకి ఆ దారి కొత్త కాదు. 1973లో 'అందాల రాముడు', 2006లో 'గోదావరి', రెండూ రాజమండ్రిలో పడవెక్కి భద్రాచలం వైపు వచ్చిన ప్రేమకథలే. కాకపోతే ఆ కథలు పడవలో మొదలై పడవలోనే పండుతాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు చెయ్యి ఊపడానికి ఉంటారు. ఇక అడవిలో జరిగే సీరియళ్ళ ఫార్ములా మీకూ తెలిసిందే. జీపు చెడిపోవాలి, వాన పడాలి, ఫారెస్టు గెస్ట్ హౌసులో ఒకే గది ఉండాలి. హీరో భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగగానే గుడి గంట వినబడాలి! ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో బాబూ, గుడికి 40 కిలోమీటర్ల దూరం. గోదావరి దాటితే గానీ గుడి రాదు.

అక్క రాసిన మొదటి మూడు అధ్యాయాలు చదివాక నాకర్థమైంది ఏంటంటే, ఆ ఫార్ములాలో ఒక్క ముక్క కూడా అక్కర్లేదని. హీరోయిన్ ఒక కోయ టీచరు. హీరో వాళ్ళ నాన్న గోదారి ఒడ్డున మిర్చి వేసే గిరిజనేతర రైతు. అక్కడ 1/70 చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకి 1970లో వచ్చిన సవరణ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. అందుకని గిరిజన అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఆమె పేరున భూమి పెట్టించుకున్న మగాళ్ళు ఆ ప్రాంతంలో ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, అక్కడ ఒకబ్బాయి నిజంగానే ప్రేమిస్తే? "వీడికి కావాల్సింది నేనా, నా పట్టా పుస్తకమా?" అని ఆ అమ్మాయి అనుకోకుండా ఉంటుందా? ప్రేమకథకి ఇంతకన్నా పెద్ద అడ్డంకి ఏ విలన్ తేగలడు?

ఇంకోటి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది, పక్కనున్న ఎటపాక అటు వెళ్ళింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్ళే బస్సు ఒక రాష్ట్రంలో బయల్దేరి, రెండో రాష్ట్రంలో దూరి, మళ్ళీ మొదటి రాష్ట్రంలోకి వస్తుంది. అక్క రోజువారీ ప్రయాణం అది. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు, ఇక చూసుకోండి. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా నవలలో అసలు ఘట్టం ఆ వారంలోనే జరుగుతుంది. హీరో సారపాకలో, హీరోయిన్ భద్రాచలంలో. మధ్యలో ఒక్క వంతెన.

ఇందులో నా వాటా ఏంటి అంటారా? ఎపిసోడ్ ఎక్కడ ఆపాలి, ఏ పాత్ర రెండు వారాలుగా మాట్లాడలేదు, నలభై అధ్యాయాల్లో ఎవరికి ఏం తెలుసు అనే లెక్క. అబ్బాయి తరఫు అధ్యాయాలు కూడా నావే. అక్క నోటుబుక్కులో రాసి వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంది, నేను టైపు చేసి ప్రశ్నలు పెడతాను. పెయిర్ ప్రోగ్రామింగ్ చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకరు దారి చూస్తారు. మర్జ్ కాన్‌ఫ్లిక్టులు కూడా బాగానే వస్తాయి. "వాడు అంత పొడుగు ప్రేమలేఖ రాస్తడా? మిర్చి కోతలప్పుడు వాడికి టైమెక్కడిదిరా?" అని మొన్న నా నాలుగు పేజీలు కొట్టేసింది. నేను కూడా తనవి కొట్టేస్తాను లెండి.

అక్కతో పనిచేసే ఒక కోయ టీచరమ్మ మా అధ్యాయాలు చదువుతుంది. ఒకరోజు ఆవిడ అన్న మాట: "కథల్లో మా పిల్ల ఎప్పుడూ వాగు దగ్గరే ఎందుకు కనిపిస్తది? స్టాఫ్ రూములో కనిపించదా?" ఆ ఒక్క మాటతో హీరో హీరోయిన్లు కలిసే సీను మొత్తం మారిపోయింది. ఇప్పుడది పరీక్ష పేపర్లు దిద్దే గదిలో జరుగుతుంది. వాగు దగ్గరి సీను కంటే పదిరెట్లు బాగుంది.

ఇంతవరకూ బానే ఉంది. ఈ మధ్య ఒక ప్రచురణకర్తకి మొదటి పది అధ్యాయాలు పంపాం. నచ్చాయి. ఫోన్ చేసి ఆయన అన్నదేంటంటే: "ఇద్దరి పేర్లు పెడితే పాఠకులు కన్‌ఫ్యూజ్ అవుతారండీ. మీరు సాఫ్ట్‌వేర్ కదా, ఆ యాంగిల్ మార్కెటింగ్‌కి బావుంటుంది. మీ పేరు వేద్దాం, మేడం గారికి లోపల కృతజ్ఞతలు చెప్పండి." ఎంత మర్యాదగా చెప్పాడో చూశారా! నవలకి ప్రాణం పోసిన మనిషి లోపలి పేజీకి, టైపు కొట్టినవాడు కవరు మీదకి. అక్కకి చెప్తే "పోనీలేరా, నీ పేరే వెయ్యమను, పుస్తకం రావడం ముఖ్యం" అంది. నాకు ఆయన మాట కంటే అక్క మాటే ఎక్కువ గుచ్చుకుంది. సారపాకలో కాగితం మిల్లుంది. అంటే కాగితం ఆ ఒడ్డుది, కథ ఆ ఒడ్డుది, పేరు మాత్రం హైదరాబాదుదా? కుదరదన్నాను. పుస్తకం ఆగింది. ఆగితే ఆగనీ.

"సలహా ఇచ్చిన ప్రతివాళ్ళూ రచయితలైతే కవరు మీద చోటెక్కడ?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా మట్టుకు నేను పెట్టుకున్న కొలత ఇది: ఎవరు లేకపోతే ఆ కథ ఇంకో కథ అయిపోతుందో, వాళ్ళు రచయిత. అచ్చుతప్పులు దిద్దినవాళ్ళకి కృతజ్ఞతలు చాలు. పట్టా పుస్తకం సంగతి తెచ్చిన మనిషికి చాలవు. ఈ కొలతతో చూస్తే మా టీచరమ్మకి కూడా కృతజ్ఞతలు చాలవు. అందుకే హీరోయిన్ తరఫు అధ్యాయాలు మాతో కలిసి రాయమని ఆవిడ్ని అడిగాం, వాటాతో సహా. వేసవి సెలవుల్లో ఆలోచించి చెప్తానంది. సరేనంటే కవరు మీద మూడు పేర్లు. కాదంటే ఆ నిర్ణయం ఆవిడది.

జంటగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మొదటి అధ్యాయం కంటే ముందు ఒక పేజీ కాగితం రాసుకోండి. పేర్లు ఏ వరుసలో, డబ్బు ఎంతెంత, సినిమా వాళ్ళొస్తే ఎవరు సంతకం పెట్టాలి, ఒకరు మధ్యలో మానేస్తే రాసిందేమవుతుంది, ఒకరు పోతే పేరేమవుతుంది. అన్నదమ్ముల మధ్య, అక్కాతమ్ముళ్ళ మధ్య కాగితాలేంటి అనుకోకండి, పొలం గట్టు తగాదాలన్నీ అక్కడే పుడతాయి. చట్టం కూడా మీ వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచన అనే మాట స్పష్టంగా ఉంది. ఉమ్మడి రచన హక్కు, అందరికంటే చివర పోయిన రచయిత తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అంటే అక్క పేరు కవరు మీద ఉంటే ఆ హక్కు అక్క పిల్లలకీ ఉంటుంది. కృతజ్ఞతల పేజీకి అలాంటి హక్కేమీ లేదు.

మేం ఆ కాగితం రాసుకున్నాం. సగం సగం, అక్క పేరు ముందు. టీచరమ్మ ఊఁ అంటే మూడు భాగాలు చేసి తిరగరాస్తాం. ప్రచురణకర్త దొరక్కపోతే యాప్‌లో వారం వారం పెడతాం, ఎటూ ఆదివారాలు అలవాటైపోయాయి. మీ ఇంట్లోనో, మీ ఊళ్ళోనో మీకు కథలు చెప్పే మనిషి ఒకరుండే ఉంటారు. ఈసారి వాళ్ళ దగ్గర కథ తీసుకునేటప్పుడు, వాళ్ళ పేరు ఎక్కడ వెయ్యాలో కూడా వాళ్ళనే అడగండి.