కొబ్బరికాయలో ఎన్ని పాఠాలు?

ఇంగ్లీషు అక్షరమాల నేర్చుకునే పిల్లలకు చాలా వాచకాలలో మొట్టమొదట ఎదురయ్యే పండు ఆపిల్. కాశ్మీరంలోను, హిమాచల ప్రదేశంలోను కాచే ఆ పండు అండమాను దీవులకు రావాలంటే సముద్రం దాటాలి. అక్కడి పిల్లవాడు దానిని మొదట బొమ్మలో చూస్తాడు, దుకాణంలో చూడడం ఆ తరువాతి మాట. బడి కిటికీలోంచి తలెత్తి చూస్తే కనిపించేది కొబ్బరిచెట్టు. ఇంటి పెరట్లో అరటి, బొప్పాయి, జామ. ఇంటి దగ్గర ఉన్న కాయ పుస్తకంలో లేదు, పుస్తకంలో ఉన్న పండు ఇంటి దగ్గర లేదు. చదువంటే తన ఊరికి, తన ఇంటికి చెందని విషయమనే అభిప్రాయం పసి మనస్సులో ఎవరూ చెప్పకుండానే నాటుకుంటుంది. ఆ అభిప్రాయాన్ని తొలగించడానికి ఒక్క కొబ్బరికాయ చాలునని చెబితే అతిశయోక్తిగా తోచవచ్చు. కాని ఆలోచించి చూడవలసిన మాటే.

అండమాను రాజధానిని 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచేవారు, ఇప్పుడు దాని పేరు శ్రీవిజయపురం. ఆ పట్టణంలోని ఒక పేట డాలీగంజ్. వైద్య పరిశోధన మండలి వారి ప్రాంతీయ కేంద్రం 1983 నుండి ఇక్కడ పనిచేస్తున్నది. పక్కనే ఉన్న గరాచర్మలో 1978లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధన సంస్థ దీవుల పంటలను పరిశీలిస్తూ ఉంటుంది. విశాఖపట్నం రేవు నుండి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలోని 3,80,581 మందిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం, హిందీ, మలయాళం, నికోబారీ మాట్లాడేవారు ఇరుగుపొరుగున ఉంటారు.

ఇటువంటి చోట ఒకటవ, రెండవ తరగతి పిల్లల ముందు ఉపాధ్యాయిని ఒక కొబ్బరికాయ పెట్టి, “దీనిని మీ ఇంట్లో ఏమంటారు?” అని అడిగిందనుకుందాం. బెంగాలీ పిల్ల నారికేల్ అంటుంది. హిందీ పిల్లవాడు నారియల్ అంటాడు. తమిళుల అమ్మాయి తేంగాయ్ అంటుంది. శ్రీకాకుళం నుండి వచ్చినవారి పిల్లవాడు కొబ్బరికాయ అంటాడు. తెలుగులో టెంకాయ అన్న మాట కూడా ఉన్నదని, నారికేళమన్న సంస్కృత పదాన్ని కూడా తెలుగువారు వాడతారని ఉపాధ్యాయిని చెబితే, తన భాష ఒక చేత్తో తమిళాన్ని, మరొక చేత్తో బెంగాలీని పట్టుకొని ఉన్నదని ఆ పిల్లవాడికి అర్థమవుతుంది. ఇంటి మాట బడిలో నలుగురి ముందు గౌరవం పొందడం చిన్న విషయం కాదు. మాటలకు దూరమైన పిల్లవాడు క్రమంగా పాఠాలకు కూడా దూరమవుతాడు.

ఒక వస్తువును కేంద్రంగా పెట్టుకొని అన్ని పాఠ్యాంశాలనూ దాని చుట్టూ అల్లడం కొత్త పద్ధతి కాదు. బెల్జియం దేశపు వైద్యుడు, విద్యావేత్త ఒవిడ్ డెక్రోలీ 1907లో బ్రసెల్స్ నగరంలో నెలకొల్పిన బడిలో ఈ మార్గాన్నే అనుసరించాడు. పిల్లవాడు మొదట వస్తువును స్వయంగా చూడాలి. తరువాత దానిని దూరపు కాలాలతో, దూరపు దేశాలతో ముడిపెట్టుకోవాలి. చివరకు మాటలోనో, బొమ్మలోనో, చేతిపనిలోనో తన భావాన్ని వెల్లడించాలి. ఇవే ఆయన చెప్పిన మూడు మెట్లు. మన దేశంలో 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మూలవిద్యకు ప్రణాళిక రచించిన జాకిర్ హుస్సేన్ సంఘం, చేతివృత్తిని కేంద్రంగా చేసుకొని తక్కిన విద్యలన్నీ నేర్పాలని సూచించింది. ఆ వృత్తులలో నూలు వడకడం, వడ్రంగంతో పాటు పండ్లతోటల పెంపకానికి కూడా చోటిచ్చారు. నేడు మూడవ తరగతి నుండి అయిదవ తరగతి వరకు విజ్ఞానశాస్త్రాన్ని, సాంఘికశాస్త్రాన్ని కలిపి పరిసరాల విజ్ఞానంగా బోధించడంలోను ఇదే భావం ఉన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం, వీలైనంతవరకు అయిదవ తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన సాగాలని కూడా సూచించింది.

విజ్ఞానశాస్త్రంలో తెలుగు పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన ఒక సౌకర్యం ఉన్నది. వంకాయ పండా, కూరగాయా అన్న ప్రశ్న ఇంగ్లీషులో చదివే పిల్లలను తికమక పెడుతుంది. పువ్వులో నుండి ఏర్పడి, గింజలను తనలో దాచుకొనే భాగమే వృక్షశాస్త్రం ప్రకారం ఫలం. ఆ లెక్కన వంకాయ, బెండకాయ, బీరకాయ, మిరపకాయ అన్నీ ఫలాలే. తెలుగువారు తరతరాలుగా వాటిని ‘కాయ’లనే పిలుస్తున్నారు. వేరును దుంప అన్నారు, ఆకును కూర అన్నారు, గింజ ఉన్నదానిని కాయ అన్నారు. పిందె, కాయ, దోరకాయ, పండు అంటూ ఒక్కొక్క దశకు ఒక్కొక్క పేరు పెట్టారు. ఈ మాటలను వరుసగా పలికిస్తే చాలు, పండు పెరిగే క్రమం పాఠంగా వచ్చేస్తుంది. భాష తప్పుదారి పట్టించే చోట్లు కూడా లేకపోలేదు. జీడిమామిడిలో తియ్యగా, మెత్తగా ఉండేది ఉబ్బిన కాడ మాత్రమే, దాని కొసన వేలాడే గింజవంటిదే అసలు కాయ. కొబ్బరికాయ ముదురుతుంది, ఎండుతుంది గాని ‘కొబ్బరిపండు’ అని ఎవరూ అనరు. ఎందుకని పిల్లలను అడగవలసిందే. సరైన సమాధానం రాకపోయినా, ఆ ప్రశ్న వారి వెంట ఇంటికి వెళ్తుంది.

కాయను పగలగొట్టి చూపిస్తే మరికొన్ని సంగతులు బయటపడతాయి. పైన తోలు, దాని కింద పీచు, ఆ లోపల చిప్ప, చిప్పకు మూడు కళ్ళు. వాటిలో మెత్తగా ఉన్న ఒక్క కన్నులోంచే మొలక బయటికి వస్తుంది. అరటిపండు కోస్తే గింజ కనిపించదు. అడవి అరటిలో మాత్రం గట్టి గింజలుంటాయి. చిన్న అండమాను అడవిలో శాస్త్రజ్ఞులు 2012లో గుర్తించిన ఒక అడవి అరటికి 2014లో మూసా ఇండ్‌అండమానెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ చెట్టు దాదాపు 11 మీటర్ల ఎత్తు పెరుగుతుంది, పండు గుజ్జు నారింజరంగులో ఉంటుంది. తమ దీవులలో ఇంకా పేరు పెట్టవలసిన మొక్కలుండవచ్చునన్న ఊహ పిల్లలకు ఏ పరీక్షా పత్రమూ ఇవ్వలేని ఉత్సాహాన్నిస్తుంది.

ఒక తొట్టిలో నీళ్ళు పోసి నారింజపండు వేస్తే తేలుతుంది. తొక్క తీసి వేస్తే మునిగిపోతుంది. తొక్కలో నిండి ఉన్న గాలే దానిని తేల్చింది. కొబ్బరిపీచు చేసే పని కూడా అదే. ఆ కాయ సముద్రంలో పడి, అలలమీద తేలుతూ వేరొక తీరానికి చేరి మొలకెత్తగలదు. ఇంతటితో పాఠం విజ్ఞానశాస్త్రం నుండి భూగోళంలోకి అడుగుపెట్టింది. ఈ దీవుల తీరాలలో పెరిగే సముద్రపు చెట్లు ఇంకా కొన్ని ఇలా తేలే కాయలనే కాస్తాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. తేలివచ్చిన కాయలన్నీ తినదగినవి కావు. సెర్బెరా ఓడొల్లమ్ అనే తీరపు చెట్టు కాయ పచ్చిమామిడికాయను పోలి ఉంటుంది, కాని దాని గింజలోని విషం గుండె కొట్టుకోవడాన్నే ఆపివేయగలదు. బారింగ్టోనియా గింజ చేపలను మత్తెక్కించడానికి వాడిన విషం. కనుక దీవుల బడిలో పండ్ల పాఠానికి మొదటి నియమం ఒక్కటే: పెద్దలకు చూపించనిదే ఏ కాయనూ నోట పెట్టరాదు. పండ్ల పేర్లు వల్లెవేసిన పిల్లవాడికంటె ఈ ఒక్క నియమం తెలిసిన పిల్లవాడు సురక్షితంగా ఉంటాడు.

గణితానికి అరటిగెలను మించిన పలక లేదు. గెలకు 8 అత్తాలు, అత్తానికి 14 కాయలు ఉంటే మొత్తం 112. ఎక్కం బట్టీ పట్టిన పిల్లవాడు తన లెక్క సరి అయినదో కాదో చేత్తో ఎంచి చూసుకోగలడు. కొబ్బరికాయ పగిలితే రెండు చెక్కలు, సగమంటే ఏమిటో ఇక చెప్పనక్కరలేదు. ఆ సగంలో సగం పావు. నికోబారు దీవులలో కొబ్బరికాయలను జతలుగా లెక్కించే ఆచారం ఉన్నది. అక్కడివారి అంకెలు ఇరవైని ఆధారం చేసుకొని సాగుతాయి. ఇరవై జతలంటే ఎన్ని కాయలని అడిగితే, పదుల లెక్కకు అలవాటుపడిన పిల్లవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. లెక్కించే దారులు లోకంలో ఒకటికంటె ఎక్కువ ఉన్నాయని అతనికి తెలుస్తుంది.

నికోబారు ప్రస్తావన వచ్చినప్పుడు మొగలిని కూడా తలచుకోవాలి. తెలుగువారికి మొగలి అంటే సువాసనగల పువ్వు. నికోబారు వాసులకు ఆ జాతి చెట్టు పండే ఆహారం, ఉడికించి, గుజ్జు తీసి తింటారు. ఒకే జాతి చెట్టును ఒకరు సువాసన కోసం, మరొకరు ఆకలి తీర్చుకోవడం కోసం చూశారన్న సంగతి, పక్క బల్లమీద కూర్చున్న నికోబారు పిల్లవాడిని తెలుగు పిల్లవాడికి దగ్గర చేస్తుంది.

చరిత్ర పాఠానికి కాస్త పెద్ద పిల్లలు, అంటే నాలుగవ, అయిదవ తరగతివారు తగినవారు. 1858లో ఆంగ్లేయులు ఇక్కడ ఖైదీల నివాసం నెలకొల్పిన తరువాత అండమానులో కొబ్బరితోటలు విస్తరించాయి. 1906లో పూర్తి అయిన సెల్యులర్ జైలులో ఖైదీలచేత కొబ్బరిపీచు దంచించారు, ఎద్దుల స్థానంలో మనుషులను పెట్టి గానుగ తిప్పించారు. గానుగకు కట్టిన ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె, అంటే సుమారు 13.6 కిలోలు తీయాలని నిబంధన. 1922-24 నాటి రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచినవారిలో కొందరిని ఈ దీవులకే పంపారు. ప్రతి పండుగకూ దేవుని ముందు కొట్టే కాయ వెనుక ఇంత బాధ కూడా ఉన్నదని తెలుసుకున్న పిల్లవాడు ఆ జైలును చూడడానికి వెళ్ళినప్పుడు కేవలం గోడలనే చూసి తిరిగి రాడు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో నికోబారు కొబ్బరితోటలు పెద్దఎత్తున నాశనమయ్యాయి. పొడుగు రకాల కొబ్బరి కాపుకు రావడానికి ఆరు నుండి పది సంవత్సరాలు పడుతుంది. అంటే ఆనాడు తిరిగి నాటిన మొక్క కాసేనాటికి, ఆనాటి ఒకటవ తరగతి పిల్లవాడు ఉన్నత పాఠశాలకు చేరి ఉంటాడు.

ఆరోగ్య పాఠంలో ఆపిల్‌కు మళ్ళీ చోటివ్వవచ్చు. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు మించి విటమిన్ సి ఉంటుంది, ఆపిల్‌లో అది 5 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. ఓడలో దూరం నుండి వచ్చిన ఖరీదైన పండే బలమిస్తుందన్న అపోహను పెరటి జామచెట్టు తీర్చివేస్తుంది. అయితే ఆ జామ కూడా, బొప్పాయి కూడా, అనాస కూడా ఒకనాడు అమెరికా ఖండాల నుండి వచ్చినవే. అనాస అన్న పేరును సైతం పోర్చుగీసువారు అక్కడి నుండే తెచ్చారు. ఒకప్పటి పరదేశి నేటి పెరటి చెట్టయింది. మూడు తరాల క్రిందట ఓడ దిగిన కుటుంబాల పిల్లలకు ఈ మాట వివరించి చెప్పనవసరం లేదు.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉన్నది. ప్రతి పాఠంలోను బలవంతంగా కొబ్బరికాయను దూర్చితే పిల్లలకు విసుగే మిగులుతుంది. మూలవిద్యపై వచ్చిన విమర్శలలో ఇది ముఖ్యమైనది. సహజంగా కుదిరిన చోటనే ముడి వేయాలి, కుదరని చోట ఎక్కాన్ని ఎక్కంగానే చెప్పాలి. ఉపాధ్యాయులకు తీరిక కూడా ఉండాలి. పాఠ్యక్రమాన్ని గడువులోగా ముగించమని ఒత్తిడి చేస్తూనే కాయ కోసి చూపించమంటే ఏ పనీ సక్రమంగా సాగదు. వారానికి ఒక్క పూట కేటాయిస్తే ఆరంభానికి చాలు. ఖర్చు ఒక కాయ, ఒక కత్తి, ఒక తొట్టెడు నీళ్ళు. కత్తి మాత్రం ఉపాధ్యాయుల చేతిలోనే ఉండాలి.

తెలుగు మాటలు నిలవాలంటే వాటికి బడిలో పని ఉండాలి. పీచు, చిప్ప, కురిడీ, పిందె, అత్తం, తొన వంటి మాటలు వంటింట్లో అమ్మమ్మల నోట మాత్రమే మిగిలిపోతే, ఆ అమ్మమ్మలతోనే సెలవు తీసుకుంటాయి. అవే మాటలతో పిల్లవాడు లెక్క చేసి, బొమ్మ గీసి, ప్రయోగం చేసి చూపిస్తే, సముద్రానికి ఇవతల కూడా మరొక తరం బ్రతుకుతాయి. డాలీగంజ్‌లో అయినా, విజయనగరంలో అయినా, ఈ సాయంకాలం తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. ఇంట్లో ఉన్న ఏదో ఒక పండు పిల్లవాడి చేతికిచ్చి, తినబోయే ముందు దానిలో ఏమున్నదో చెప్పమని అడగాలి. అతను చెప్పేదాకా ఓపికగా వినాలి.