ఇల్లు మారేవారి సామాన్లు - బాడుగ లెక్క

సంపాదకులకు,



హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాలలో ఈ మధ్య ఇల్లు మారని కుటుంబము అరుదు. పిల్లల ఉద్యోగాలు సిప్‌కాట్ ఫ్యాక్టరీలలోనో, బెంగుళూరులోనో. పెద్దలు పాత ఇంటికి తాళము వేసి వారి దగ్గరకు చేరుతున్నారు. సామాన్లు చేరవేసే కంపెనీలవారు ధర కట్టే పద్ధతిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచి ఈ లేఖ వ్రాస్తున్నాను.

వారి లెక్క అంతా గదుల మీద. ఒక పడకగది ఇల్లు, రెండు పడకగదులు, మూడు పడకగదులు, ఇవే తరగతులు. బెంగుళూరు అపార్టుమెంటుకు ఇది సరిపోవచ్చును. మన పాత ఇళ్లలో పడకగది ఒక్కటే. కాని భోషాణము ఉన్నది, రుబ్బురోలు ఉన్నది, నలుగురు పట్టితే గాని లేవని ఊయల పలక ఉన్నది, ఇత్తడి గంగాళాలున్నవి. "ఎన్ని గదులు సార్?" అని మాత్రమే అడిగి ఫోనులో చెప్పిన ధర అసలు ధర కాదని నేను అప్పుడే గ్రహించవలసినది.

గత సంవత్సరము మా తల్లిగారితో కృష్ణగిరి నుండి హోసూరుకు మారాను. లారీ వచ్చి వీధి మొదట ఆగింది. రోలు, భోషాణము ఆ తరగతిలోకి రావనీ, మాది రెండవ అంతస్తు అనీ, సందులోకి లారీ రాదు గనుక చిన్నబండి పెట్టాలనీ మేస్త్రీ లెక్క చెప్పాడు. మాట్లాడుకున్న దానిలో సగము మళ్లీ ఇస్తేనే తలుపు తీస్తామన్నాడు. ఎనభై దాటిన మా తల్లిగారు ఖాళీ ఇంట్లో గోడకానుకొని కూర్చున్నారు. ఆమె మందులూ, దేవుని పటాలూ లారీలో ఉన్నవి. ఇచ్చాను, ఇవ్వక ఏమి చేసేది? రోలు మోసినవారికి కూలి ఎక్కువ ఇవ్వడము న్యాయమే. ఆ మాట సామాను ఎక్కించక ముందు చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

సరిహద్దు సంగతి మరొకటి. కృష్ణగిరికి యాభై కిలోమీటర్లు, అది స్వరాష్ట్రపు రేటు. జూజువాడి దాటి పది కిలోమీటర్లంత దూరములో ఉన్న అత్తిబెలెకు పోతే పరరాష్ట్రపు రేటు! మా తమ్ముడు అడిగితే "పర్మిటు ఖర్చు" అన్నారట. మన ఊళ్లో కుట్టియానై అనే చిన్నబండి ఒక్కటి చాలే సామానది. సరకుతో కలిపి మొత్తము బరువు 3000 కిలోలకు మించని సరకు బండికి పర్మిటే అక్కరలేదని 1988 నాటి మోటారు వాహనాల చట్టము 66వ సెక్షనులో ఉన్నది. వాడిన గృహసామగ్రికి ఈ-వే బిల్లు కూడ అవసరము లేదు. ఈ పేర్లతో డబ్బు అడిగితే ఎందుకని అడగవచ్చును.

అమెరికాలో మన పిల్లలు రాష్ట్రము మారితే సామాను తూచి, బరువును, దూరమును బట్టి ధర కడతారు. ఉజ్జాయింపు అంచనా మాత్రమే ఇచ్చిన కంపెనీ, దించేచోట ఆ అంచనా మీద నూటికి పదికి మించి అదనముగా అడగరాదని అక్కడి నిబంధన. మన దేశములో సరకుల రోడ్డు రవాణాకు 2007 నాటి చట్టము ఉన్నది. మనము వ్రాసి ఇచ్చే సరకు పత్రములో విలువ కనబరచాలి. అధిక రేటు చెల్లించి ఒప్పుకుంటే తప్ప, పోయిన సామానుకు బాడుగకు పదింతలు, అదీ కనబరచిన విలువకు లోబడి, వారి బాధ్యత. దావా వేయదలచినవారు బుక్ చేసిన నాటి నుండి 180 రోజులలో నోటీసు ఇవ్వాలి. ఆ పత్రము సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

మెట్లకు ఎంత, బరువు వస్తువుకు ఎంత, సందులోకి చిన్నబండికి ఎంత అన్నది సామాను పట్టికతో సహా ముందే వ్రాసి సంతకము చేసి ఇచ్చేటట్లును, ఆ రేట్లు తమిళములోను, తెలుగులోను కంపెనీ గుమ్మము ముందు తగిలించేటట్లును హోసూరు, కృష్ణగిరి రవాణాశాఖ అధికారులు ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చందాదారు,
హోసూరు.