మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా?

హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆ మొర విని, మరో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని యెషయా ప్రవక్త ద్వారా మాటిచ్చాడు. దేవుడే మాటిచ్చాక ఇక మందెందుకు? అయినా అదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు (యెషయా 38:21). వాగ్దానం తెచ్చిన నోరే వైద్యమూ చెప్పింది. ఈ రెంటినీ విడదీసింది మనమే.

జనగామ పత్తిచేలల్లో, మహబూబాబాద్ మిరపతోటల్లో రోజంతా వంగి పనిచేసే అక్కచెల్లెళ్లు, భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఏళ్ల తరబడి బరువులెత్తిన అన్నలు ఆదివారం ఆరాధనలో మన పక్కనే కూర్చుంటారు. వారిలో ఎందరికో నడుములో మొదలైన నొప్పి కాలి మడమ దాకా కరెంటు షాకులా లాగుతుంది. మంట, తిమ్మిరి, నిద్రలేని రాత్రులు. రాత్రివేళ తన ఎముకలు తొలిచేస్తున్నట్టుందని యోబు మొరపెట్టింది ఇలాంటి బాధనే (యోబు 30:17). ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు.

ఈ నొప్పికి సరిపడే మందు దొరకడం ఒక్కరోజు పని కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నరాల నొప్పికి పెద్దగా పనిచేయవు. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నరాల నొప్పికి డాక్టర్లు అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి రాస్తారు. వీటిలో మొదటిది మానసిక కుంగుబాటుకు, మిగతావి మూర్ఛకు కూడా వాడే మందులు. ఆ సంగతి తెలియగానే ‘నాకు ఫిట్సా? పిచ్చా?’ అని భయపడి మానేసేవారున్నారు. ఒకరికి పడిన మందు మరొకరికి పడదు. ఒకటి మత్తుగా ఉంటుంది, ఒకటి తల తిప్పుతుంది, ఒకటి నోరు ఎండగొడుతుంది. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, పడకపోతే మారుస్తారు. చెప్పకుండా ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. చాలామందికి మందుతోపాటు వ్యాయామం, ఫిజియోథెరపీ కూడా కావాలి. నొప్పి పూర్తిగా పోకపోయినా, రాత్రి నిద్రపట్టి పొద్దున్నే లేచి పని చేసుకోగలిగితే అదీ మేలే.

ఇంత ఓపికతో వెదికే విశ్వాసికి మనమిచ్చే సలహా ఏమిటి? ‘మాత్రలు పక్కనపెట్టు, విశ్వాసముంచు’! సిలువ దగ్గర బోళము కలిపిన ద్రాక్షారసాన్ని యేసు పుచ్చుకోలేదు కదా అని కొందరు వాదిస్తారు (మార్కు 15:23). ఆ శ్రమ మన రక్షణ కోసం ఆయన ఒక్కడే భరించిన శ్రమ. ఆయన చెప్పిన ఉపమానంలోని మంచి సమరయుడు మాత్రం గాయపడినవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు (లూకా 10:34). పన్నెండేళ్లు రోగంతో బాధపడిన స్త్రీ అనేకమంది వైద్యుల దగ్గర ఉన్నదంతా ఖర్చుచేసి ఆయన వద్దకు వచ్చింది. అందుకు ఆయన ఆమెను గద్దించలేదు. కుమారీ అని పిలిచాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. అదే పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు.

ముల్లు పోని విశ్వాసిని తక్కువ చేస్తే పౌలునే తక్కువ చేసినట్టు. ‘నొప్పి పోయిందా?’ అని సాక్ష్యం కోసం తొందరపెట్టే బదులు ‘ఈ వారం నిద్రపట్టిందా?’ అని అడుగుదాం. మోకరించలేనివారికి, నిలబడలేనివారికి కుర్చీ వేద్దాం. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఊళ్లో సూదిమందుతో సరిపెట్టుకునేవారిని వెంటబెట్టుకుని అక్కడి ఆసుపత్రులకు తీసుకెళదాం. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ప్రార్థన మానొద్దు, మందూ మానొద్దు. హిజ్కియాను బాగుచేసింది దేవుడే. అంజూరపు ముద్దను వాడుకున్నదీ ఆయనే.