మూత్రాశయాన్ని తొలగించుటే ఏకైక మార్గమా?



మూత్రాశయ క్యాన్సర్ కండరపొరలోనికి పాకినదని పరీక్షలో తేలిన కార్మికునికి సాధారణంగా వినవచ్చే మాట ఒక్కటే: "మూత్రాశయం తీసివేయవలెను, సంతకం చేయుము." ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని రెండవ మార్గమొకటి ఉన్నదని, అందరికీ కాకున్నా కొందరికి అది దీటుగా పనిచేయుచున్నదని చెప్పకుండ సంతకం తీసుకొనుట అన్యాయం.

తొలగింపు అనగా ఏమి? పురుషులకు మూత్రాశయంతో పాటు ప్రోస్టేటు గ్రంథి, స్త్రీలకు తరచుగా గర్భసంచి కూడ పోవును. పేగు ముక్కతో పొట్టపై ద్వారం అమర్చి, దానికి సంచి తగిలించెదరు. పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం కుట్టే పద్ధతి ఉన్నది గాని అది అందరికీ అమరదు. రాత్రివేళ మూత్రం జారుట కొందరిని వదలదు. సంచిని పగలు కొన్ని గంటలకొకసారి ఖాళీ చేసుకొనవలెను. ఇంజనులో మరుగుదొడ్డి కొరకు దశాబ్దాలుగా మొరపెట్టుకొన్న రన్నింగ్ సిబ్బంది ఆ సంచితో డ్యూటీ ఎట్లు చేయవలెను? భుజాన ఉత్తరాల సంచి, పొట్టపై మూత్రపు సంచితో పోస్టుమాన్ ఎన్ని వీధులు తిరుగును? వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగిని ఈ కారణాన తొలగించరాదు, హోదా తగ్గించరాదు. మంచిదే. కాని చట్టం మూత్రాశయాన్ని తిరిగి ఇవ్వదు గదా!

రెండవ మార్గం ఇది. మూత్రనాళం గుండా పరికరం పంపి గడ్డను వీలైనంతవరకు గోకి తీసి, ఆపై రేడియేషన్, దానితో పాటే దాని ప్రభావాన్ని పెంచే కీమోథెరపీ మందులు ఇచ్చెదరు. బ్రిటన్‌లో 360 మందిపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 54 శాతం రెండేండ్ల తరువాత ఆ ప్రాంతంలో వ్యాధి లేకుండ ఉండగా, మందులు కలిపినప్పుడు అది 67 శాతమైనది. అమెరికా, కెనడాలలోని మూడు విశ్వవిద్యాలయ కేంద్రాలలో ఏ పద్ధతికైనా అర్హులైన 722 మంది ఫలితాలు 2023లో ప్రచురితమైనవి. అయిదేండ్లకు వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించకుండ ఉన్నవారు తొలగింపు పక్షాన 74 శాతం, నిలుపుదల పక్షాన 75 శాతం.

ఇది చీటీలు వేసి జరిపిన పోటీ కాదని శస్త్రచికిత్స పక్షపాతులు ఆక్షేపింతురు. నిజమే. బ్రిటన్‌లో అట్టి పోటీకి పూనుకొనగా చాలినంతమంది చేరక మూసివేయవలసి వచ్చినది. తన మూత్రాశయం ఉండుటయా, పోవుటయా అన్నది చీటీకి ఎవరు వదలెదరు? వ్యాధి మరల రాదా అనెదరు. వచ్చును, ఆ 2023 పరిశోధనలో నిలుపుకొన్నవారిలో 13 శాతానికి తరువాత తొలగింపు తప్పలేదు. అందువలననే ఏండ్ల తరబడి సిస్టోస్కోపీ పరీక్షలు తప్పనిసరి. గడ్డ పలుచోట్ల వ్యాపించినను, రెండు కిడ్నీలు ఉబ్బినను శస్త్రచికిత్సయే మేలు కావచ్చును. అది వైద్యులు తేల్చవలసిన విషయం; అందులో యూనియన్ తల దూర్చదు.

అయితే ఏ వైద్యులు తేల్చవలెను? మూత్రంలో రక్తం పడిన ఉద్యోగిని రైల్వే ఆసుపత్రి గాని, సి.జి.హెచ్.ఎస్. గాని పంపునది యూరాలజీ విభాగానికే. కోసే వైద్యునికి కోత ముందుగా తోచుట సహజం. అందు దురుద్దేశం వెదకనక్కరలేదు. కాని రేడియేషన్ నిపుణుని ముఖమైనా చూడకుండ సమ్మతిపత్రం నిండిపోవుచున్నది. ప్రత్యామ్నాయ చికిత్సలేవో రోగికి తెలుపకుండ పొందిన సమ్మతి చాలదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పినది. ఈ వ్యాధిలో రోగి ఇద్దరు నిపుణులతోను మాట్లాడవలెనని బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2015లో నిర్దేశించినవి. మన రిఫరల్ ఉత్తరంలో రెండవ విభాగం పేరు వ్రాయుటకు ఖజానాకు ఎంత నష్టం?

అసలు చిక్కు మరొకటి ఉన్నది. రేడియేషన్ ఒక పద్ధతిలో నాలుగు వారాలలో 20 మార్లు, మరొక పద్ధతిలో ఆరున్నర వారాలలో 32 మార్లు తీసుకొనవలెను. యంత్రాలు పెద్ద నగరాలలో ఉన్నవి. చిన్న స్టేషను గ్యాంగ్‌మన్ అన్నాళ్లు ఎక్కడ తల దాచుకొనును? సెలవు, బస లేనిచో ఎంపిక కాగితం మీదనే మిగులును. చేయునది లేక అతడు కోతకే ఒప్పుకొనును.

కావున సమ్మతిపత్రానికి ముందు ఇద్దరు నిపుణుల సంప్రదింపును, చికిత్సాకాలమంతటికి పూర్తి వేతనంతో సెలవును, రోగికి, తోడు వచ్చువారికి బస, ప్రయాణ సౌకర్యాలను డిమాండు చేయుచున్నాము. రైల్వే శాఖలు రాబోవు పి.ఎన్.ఎం. సమావేశాలకు, తపాలా శాఖలు జె.సి.ఎం. సమావేశాలకు ఈ అంశాలను పంపి, తీర్మానాల ప్రతులను కేంద్ర కార్యాలయానికి అందజేయవలెను.