కోడింగు నేర్చుకుందాం, జీతానికి మాత్రం కుదరొద్దు

ఇప్పుడు మన వాడల్లో ఏ అరుగు మీద కూర్చున్నా ఒక ముచ్చట వినబడుతోంది. "పిల్లాడిది డిగ్రీ అయిపోయి రెండేళ్ళాయె. కోడింగు నేర్పే బూట్‌క్యాంపులో చేరతానంటున్నాడు. ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంట, రెండు లక్షలంట. చేర్పించాలా, వద్దా?" ఈ ప్రశ్న సంఘం మీటింగులకూ వస్తోంది. మన కార్యకర్తలు "మీ ఇష్టం" అని తప్పుకుంటున్నారు. ఇది తప్పుకునే ప్రశ్న కాదు. ఒక ఇంటి అర ఎకరం, ఒక తల్లి పుస్తెలు, ఒక బిడ్డ రెండేళ్ళ వయసు దీని మీద ఆధారపడి ఉన్నాయి.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. "మనకెందుకయ్యా కంప్యూటర్లు" అనే మాట మనది కాదు. అక్షరం ముట్టొద్దన్నోళ్ళ మాట మన తాతలు వినలేదు. కంప్యూటర్ మీకు రాదనే వాళ్ళ మాట మనమూ వినం. కోడింగు అంటే బ్రహ్మవిద్య కాదు. చెయ్యవలసిన పనిని ముక్కలు చేసి, యంత్రానికి అర్థమయ్యే భాషలో వరుసగా రాసి చెప్పడం. ఓపిక ఉంటే ఎవరికైనా వస్తుంది. నేర్చుకోవడం గురించి మాకు పేచీ లేదు. మా పేచీ నేర్పుతామని చెప్పి అప్పు అమ్మేవాళ్ళతో.

బూట్‌క్యాంపు అనేది అమెరికా పటాలంలో కొత్త సిపాయిలకిచ్చే కఠిన శిక్షణ పేరు. కొద్ది నెలల్లో మనిషిని తయారు చేస్తామని చెప్పడానికి ఆ పేరు తెచ్చుకున్నారు. మనకు ఇది కొత్త కాదు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ లేచింది. ఆ రోజుల్లోనే అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సుల దుకాణాలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో కంపెనీలకు మనుషులు అవసరమయ్యారు. ముందుగా పొలం అమ్మి పిల్లల్ని పంపగలిగిన కులాల వాళ్ళు విమానాలెక్కారు. 2001లో అమెరికా మార్కెట్టు కూలేసరికి ఆఖరున చేరినవాళ్ళు ఫీజు కట్టి చేతులు ముడుచుకున్నారు. మన బిడ్డలు ఇంజనీరింగు కాలేజీల గడప పెద్ద సంఖ్యలో ఎక్కింది 2008లో ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాకే. పంక్తి చివర కూర్చున్నవాడికి గిన్నెలో ఏం మిగిలిందో చూసుకునే తెలివి కావాలి.

ఇప్పుడు గిన్నెలో ఏముంది? 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళు చేసే చిన్నాచితకా కోడు ఇప్పుడు యంత్రమే రాసిపెడుతోంది. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఉద్యోగాలే లేవని మేం చెప్పడం లేదు. "ఆరు నెలలు నేర్చుకుంటే చాలు, కంపెనీ ఎత్తుకుపోతుంది" అన్న కాలం పోయిందని చెబుతున్నాం.

ఇక అప్పు సంగతి. మన ఊళ్ళో జీతం కుదరడమంటే ఏమిటో తాతలనడగండి. పెళ్ళికో రోగానికో దొర దగ్గర ముందు డబ్బు తీసుకుంటారు. అది తీరేదాకా కొడుకు ఆ గడపలో జీతగాడు. 1976లో చట్టం దీన్ని రద్దు చేసింది. ఇప్పుడు ఇంకో రూపంలో వచ్చింది: "ఇప్పుడు పైసా కట్టొద్దు, ఉద్యోగం వచ్చాక జీతంలోంచి కట్టు." వినడానికి ధర్మంగానే ఉంది. కాగితం చదివితే తెలుస్తుంది. ఇంకోచోట కోర్సువాడే ఫైనాన్సు కంపెనీ నుంచి మన పేరున అప్పు తీయిస్తాడు. పాఠం నచ్చక మధ్యలో మానేసినా వాయిదాలు మానవు.

అమెరికాలో బ్లూమ్‌టెక్ అనే బూట్‌క్యాంపు ఉండేది. దాని మొదటి పేరు లాంబ్డా స్కూల్. ఉద్యోగం వచ్చాక జీతంలో నూటికి 17 వంతులు, 30,000 డాలర్ల దాకా కట్టాలని ఒప్పందం రాయించుకుంది. ఇది అప్పు కాదు అని చెప్పింది. నూటికి 86 మంది దాకా ఉద్యోగాలొచ్చాయని ప్రచారం చేసుకుంది. 2024 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వ వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ దాని మీద చర్య తీసుకుంది. అది అప్పేననీ, ఉద్యోగాల లెక్క ఒక దశలో నూటికి 30కి పడిపోయిందనీ తేల్చింది. అధిపతిని పదేళ్ళు విద్యార్థుల అప్పుల వ్యాపారం చెయ్యకుండా నిషేధించింది. అంత కాపలా ఉన్న దేశంలోనే ఇట్లా జరిగితే, కాగితం ఇంగ్లీషులో ఉండి, సంతకం వేలిముద్రతో పెట్టే మన వాడల సంగతేమిటి?

పని వస్తే కులం పోతుందని కొందరంటారు. యంత్రం కులం అడగదు, నిజమే. యంత్రం ముందు కూర్చోబెట్టేవాడు అడుగుతాడు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ఒక పరిశోధన అచ్చువేశారు. సమానమైన చదువుతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు నెలవైన సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చెయ్యవలసి వచ్చింది. కులానికి వీసా అక్కర్లేదు మరి.

బాబాసాహెబ్ కూడా ఒప్పందం మీదే చదువుకున్నారు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియాకు వెళ్ళారు. చదువయ్యాక బరోడాలో కొలువు చెయ్యాలన్నది షరతు. 1917లో తిరిగొచ్చి కొలువులో చేరితే ఊళ్ళో తలదాచుకోను గది దొరకలేదు. పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆయన చదువును తప్పుపట్టలేదు. ఒంటరి చదువు చాలదని గ్రహించారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మా మాట ఇది. ముందు పైసా లేకుండా మొదలుపెట్టండి. స్వయం, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్టు కావాలంటేనే ఫీజు. మూడు నెలలు రోజుకు రెండు గంటలు కూర్చోండి. సంఘం చందాల లెక్కో, కూలికి పోయిన రోజులూ రావలసిన పైసలూ కట్టే లెక్కో సొంతంగా తయారు చెయ్యండి. అది చేస్తున్నప్పుడు నిద్ర మరిచిపోతే ఈ పని మీది. విసుగొస్తే సిగ్గుపడొద్దు, ఇంకో దారి ఉంది. పోయేది కొన్ని రోజులు, పొలం కాదు.

ఆ తర్వాత కూడా చేరాలనిపిస్తే అడగండి. పోయిన ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది ముగించారు, ఎంతమందికి ఏ కంపెనీలో ఎంత జీతం? గోడ మీది ఫోటోలు కాదు, కాగితం మీద చూపించమనండి. మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి? అప్పు ఎవరి పేరున, మొత్తం వడ్డీ ఎంత? ఫోను మీద అప్పిచ్చేవాళ్ళు అసలు ఖర్చంతా ఒక కాగితంలో ముందే చూపాలని, అపరాధం లేకుండా వెనక్కి తగ్గే గడువు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నియమం పెట్టింది. ఉద్యోగం ఖాయమని అబద్ధపు ప్రకటనలు ఇవ్వొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగు సంస్థలకు చెప్పింది. మోసపోతే 1915కు ఫోను చెయ్యండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

ఇంట్లో పెద్దలకు ఒక లెక్క. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు 4,000, ఏడాదికి 48,000 వడ్డీకే పోతుంది. హాస్టలు, తిండి దీనికి అదనం. ఉన్న భూమి అమ్మి మాత్రం చేర్పించొద్దు. కొడుక్కి అప్పు తెచ్చేవాళ్ళు అదే తెలివున్న కూతురికి "ఎందుకులే" అంటున్నారు. అది కూడా ఆపండి.

సంఘాలకూ పని ఉంది. అంబేద్కర్ భవనంలో రెండు పాత కంప్యూటర్లు, ఒక నెట్ కనెక్షను పెట్టలేమా? ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళు ఆదివారం రెండు గంటలు పాఠం చెప్పలేరా? ఒప్పందం కాగితం చదివిపెట్టే ఒక వకీలును పట్టుకోలేమా? ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ల డిమాండును మళ్ళీ వీధిలోకి తేలేమా? తేగలం.

మన బిడ్డ కోడు రాయాలి. తన తలకాయతో, తన వాడ అండతో రాయాలి. ఇంకొకడి ఖాతా పుస్తకంలో జీతగాడిగా కాదు.

జై భీమ్.