సొంత వాక్యం రాయించే సాహిత్యం

మొగుళ్లపల్లి, చిట్యాల, టేకుమట్ల మండలాల నుంచి పరకాల, భూపాలపల్లి, హనుమకొండ కాలేజీల్లో డిగ్రీకి చేరే పిల్లలు చాలావరకు బడి నుంచి ఇంటర్ దాకా తెలుగు చదివే వస్తారు. అయినా బట్టీ పట్టకుండా ఒక విషయం మీద రెండు పేజీలు రాయమంటే చాలామందికి కలం సాగదు. వాళ్లకు చెప్పడానికి ఏమీ లేక కాదు. పత్తి రేటు, మిర్చి తెగులు, సింగరేణి కొలువులు, మేడారం జాతర గురించి గంటలకొద్దీ వాదించగలరు. ఆ నోటిధాటి కాగితం మీదికి రాకపోవడానికి కారణం మన పరీక్ష. కవి పరిచయం, సారాంశం, సందర్భసహిత వ్యాఖ్య అడుగుతుంది. వాటికి జవాబులు గైడులో దొరుకుతాయి. ఆ జవాబు దించినవారికి మార్కులు పడతాయి, సొంతంగా ఆలోచించినవారికి ప్రత్యేకించి ఒరిగేదేమీ ఉండదు. డిగ్రీలో రాత నేర్పాలంటే ఈ అలవాటు పోవాలి. అందుకు మన చేతిలో ఉన్న గట్టి సాధనం భిన్న సమూహాల జీవితాన్ని చెప్పే సాహిత్యం.

తెలుగులో దీనికి కొదవ లేదు. జాషువా ‘గబ్బిలం’ 1941 నాటిది. 1993లో స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవితల సంకలనం ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ముస్లిం కవితల సంకలనం ‘జల్‌జలా’ వచ్చాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా రచయిత్రి జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యం’ కథలు రాశారు. రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథల సంపుటి ‘ఢావ్లో’ 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకుంది. ఈ కథల్లో ఒకటి తరగతిలో చదివినప్పుడు, తండా నుంచి వచ్చిన అమ్మాయికి తెలిసినవి పక్క బెంచీవాళ్లకు తెలియవు. ఆమె విడమరిచి చెప్పాలి. వాళ్లు తమకు ఎక్కడిదాకా అర్థమైందో, ఎక్కడ అంతుపట్టలేదో చెప్పాలి. ఎదుటివారికి తెలియదన్న ఎరుక వల్ల వివరణ పుడుతుంది. ఎదుటివారు ఒప్పుకోకపోవచ్చన్న ఎరుక వల్ల ఆధారం వెతుక్కుంటాం. వ్యాసరచనకు ప్రాణం ఈ రెండే. అందరూ ఒకే సారాంశం రాసేచోట వీటి అవసరమే రాదు.

ముందు తప్పుల్లేకుండా వాక్యం రాయడం నేర్పాలి, సాహిత్యం సంగతి తర్వాత చూడొచ్చు అనే వాదన ఉంది. అమెరికాలో ఇదే ప్రశ్న ఎదురైంది. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం అక్కడి హైస్కూలు పూర్తిచేసిన వారందరికీ తలుపులు తెరిచింది. నల్లజాతి, పోర్టోరికన్ కుటుంబాల పిల్లలు, వలస వచ్చినవారి పిల్లలు పెద్దసంఖ్యలో చేరారు. వాళ్ల రాతలో తప్పులు చూసి, వీళ్లకు చదువు అబ్బదన్నవారు ఉన్నారు. మీనా షానెసీ అనే అధ్యాపకురాలు దాదాపు 4,000 వ్యాసాలు పరిశీలించి, 1977లో ఒక పుస్తకం వెలువరించారు. ఆ తప్పుల వెనక ఒక తర్కం ఉందని, వాళ్లు చేతకానివాళ్లు కారని, రాతకు కొత్తవాళ్లని నిరూపించారు. మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. చెప్పాలనుకున్నది ఉన్నప్పుడే వాక్యాన్ని సరిదిద్దుకోవాలన్న పట్టుదల వస్తుంది. వ్యాకరణం చెప్పాల్సిందే, కానీ విద్యార్థి రాసిన పేజీ మీదనే చెప్పాలి.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు మాక్సిన్ హెయిర్‌స్టన్ 1992లో దీన్ని లేవనెత్తారు. జాతి, వర్గ, లింగ వివక్షల మీద పాఠాలు పెడితే రాత తరగతి అధ్యాపకుల రాజకీయాలకు వేదిక అవుతుందని, విద్యార్థులు మార్కుల కోసం వాళ్లకు నచ్చిందే రాస్తారని ఆమె భయం. విద్యార్థుల సొంత రచనే తరగతికి కేంద్రం కావాలన్నారు. ఈ హెచ్చరికను తీసిపారేయకూడదు. గైడు జవాబు స్థానంలో మాస్టారి అభిప్రాయం వచ్చి కూర్చుంటే బట్టీ రకం మారిందే తప్ప రాత రాలేదు. అందుకే మార్కులు అభిప్రాయానికి కాక, దాన్ని నిలబెట్టిన తీరుకు వేయాలి. కథలోని ఏ సంఘటనను ఆధారం చేసుకున్నారు, ఎదుటి వాదనను ఎంత నిజాయితీగా చెప్పారు, దానికి ఏం జవాబిచ్చారు అన్నవే కొలతలు కావాలి. రచయితతో విభేదించిన వ్యాసానికీ మంచి మార్కులు రావాలి.

ఇలాంటి పాఠాలు తరగతిలో చీలికలు తెస్తాయనే వారూ ఉన్నారు. ఊళ్లో వాడలు వేరుగా ఉన్న సంగతి పిల్లలకు పాఠం చెప్పకముందే తెలుసు. మౌనంగా ఉన్నంత మాత్రాన ఆ గీత చెరగదు. రాసేటప్పుడు మాత్రం ఎదుటివారి మాటను వాళ్లు చెప్పినట్టే ముందు చెప్పాలి, ఆ తర్వాతే జవాబివ్వాలి. తిట్టుకోవడానికీ వాదించుకోవడానికీ తేడా అక్కడ తెలిసివస్తుంది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. దళిత విద్యార్థినో, కోయ విద్యార్థినో లేపి, మీవాళ్ల గురించి చెప్పమనకూడదు. ఎవరూ తమ కులానికి ప్రతినిధిగా కాలేజీకి రారు. తన బతుకు గురించి రాయాలా, మరొకరి గురించి రాయాలా అన్నది విద్యార్థి ఇష్టానికే వదిలేయాలి.

ఇలా రాత నేర్పడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఇంటర్నల్ మార్కుల్లో కొంతభాగాన్ని సెమిస్టరుకు రెండు సొంత వ్యాసాలకు కేటాయించవచ్చు. ఒక్కొక్కటి రెండుసార్లు రాయించాలి. మొదటి ప్రతిని అధ్యాపకులు దిద్ది ఇస్తే, రెండో ప్రతికి మార్కులు వేయాలి. చివరి పరీక్షలో పాఠ్యపుస్తకంలో లేని ఒక కథాభాగం ఇచ్చి దానిపై వాదన రాయమనాలి. ఇన్ని పేజీలు దిద్దడానికి సమయం కావాలి గనుక, అధ్యాపకుల ఖాళీలు నింపడం ఈ సంస్కరణలో విడదీయరాని భాగం. మొగుళ్లపల్లి నుంచి వెళ్లిన అమ్మాయి రేపు కలెక్టరుకు అర్జీ రాయాలన్నా, ఉద్యోగ పరీక్షలో వ్యాసం రాయాలన్నా, పత్రికకు ఉత్తరం రాయాలన్నా పనికొచ్చేది ఈ సాధనే. అది డిగ్రీ తెలుగు తరగతిలో దొరకకపోతే ఆమెకు మరెక్కడా దొరకదు.